మన సరుకు ఎవరి కోసం?

(ముస్లిం చిరువ్యాపారులు, చేతివృత్తులవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభల్లో సాధారణంగా రిజర్వేషన్ల గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, ఉపకార వేతనాల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ మాట్లాడుకోవలసిన విషయాలే. ఈనాడు మాకు అప్పగించిన అంశం వాటి పక్కన చిన్నదిగా కనిపించవచ్చు: చిరువ్యాపారి తన కొనుగోలుదారును ఎలా నిర్ణయించుకోవాలి? ఇది వ్యాపార పాఠశాలల్లో చెప్పుకునే పాఠం కదా, హక్కుల వేదికతో దీనికేమి సంబంధమని కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉన్నదని, అది చాలా దగ్గరి సంబంధమని మేము భావిస్తున్నాం.

కేంద్ర ప్రభుత్వం 2005లో నియమించిన జస్టిస్ రాజీందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో తన నివేదికను సమర్పించింది. ఆ నివేదిక పేరు వినగానే మనకు విద్యలో వెనుకబాటు, ప్రభుత్వోద్యోగాల్లో లోటు గుర్తుకు వస్తాయి. అందులోనే మరికొన్ని అంకెలున్నాయి. ముస్లిం శ్రామికుల్లో దాదాపు 61 శాతం మంది స్వయం ఉపాధి మీద ఆధారపడి ఉన్నారని, హిందూ శ్రామికుల్లో ఆ వాటా 55 శాతమని కమిటీ లెక్క తేల్చింది. ముస్లిం పురుష శ్రామికుల్లో 12 శాతానికి పైగా వీధి వ్యాపారంలో ఉంటే, దేశ సగటు 8 శాతం లోపే. పని చేసే ముస్లిం మహిళల్లో 70 శాతం మంది ఇంటి గడప లోపలే పని చేసుకుంటున్నారు. మొత్తం శ్రామిక మహిళల్లో ఆ వాటా 51 శాతం.

ఈ అంకెల అర్థమేమిటి? మన సముదాయంలో ఎక్కువమంది నెల మొదటి తారీఖున జీతం అందుకునేవారు కారు. ఈ రోజు బేరం సాగితే ఈ రాత్రి పొయ్యి వెలుగుతుంది. ఉద్యోగికి యజమాని ఎవరో తెలుసు. చిరువ్యాపారికి కొనుగోలుదారే యజమాని. తన యజమాని ఎవరో తెలియకుండా కొలువు చేస్తున్నవాడి పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించండి. మనలో చాలామంది వ్యాపారం ఆ స్థితిలోనే సాగుతున్నది. అందువల్ల కొనుగోలుదారును గుర్తించడం మనకు బ్రతుకుదెరువుకు, ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం.

మా శిక్షణ తరగతులకు వచ్చే సోదరులను మేము మొదట ఒకే ప్రశ్న అడుగుతాం: మీ సరుకు ఎవరి కోసం? అత్తరు అమ్మే భాయి, పరుపులు కుట్టే చాచా, పచ్చళ్లు పెట్టే ఖాలా, ఎవరిని అడిగినా వచ్చే సమాధానాలు రెండే. ఒకటి, 'అందరి కోసం'. రెండవది, 'మనవాళ్ల కోసం'. ఈ రెండూ వినడానికి బాగుంటాయి. మొదటిదానిలో ఔదార్యం ఉంది, రెండవదానిలో ఆత్మీయత ఉంది. కాని వ్యాపారానికి రెండూ చాలవు. ఎందుకు చాలవో విడివిడిగా చూద్దాం.

'అందరి కోసం' అన్నవాడు నిజానికి ఎవరి గురించీ ఆలోచించలేదన్నమాట. అందరి కోసమని దుకాణం పెట్టినవాడు అన్ని ధరల సరుకు కొంచెం కొంచెం తెచ్చిపెడతాడు. ఉన్న కొద్దిపాటి పెట్టుబడి పది అరల్లో ఇరుక్కుపోతుంది. ఏ ఒక్కరికీ కావలసినంత ఎంపిక దొరకదు. పెద్ద పెద్ద సంస్థలు కూడా ఒక్కొక్క సరుకును ఒక్కొక్క వర్గానికి ఉద్దేశించే తయారు చేస్తాయి. మార్కెట్‌ను అవసరాలను బట్టి విభాగాలుగా చూడాలన్న ఆలోచనను వెండెల్ స్మిత్ అనే అమెరికన్ పండితుడు 1956లోనే ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు. అంతటి పెట్టుబడి ఉన్నవారే ఎంచుకుంటూ ఉంటే, పాతిక వేల రూపాయల సరుకుతో బండి పెట్టుకున్న మనం ఎంచుకోకుండా ఎలా నెగ్గుకురాగలం?

ఇందుకు మన పొరుగునే ఒక ఉదాహరణ ఉంది. తమిళనాడులోని కడలూరుకు చెందిన సి.కె.రంగనాథన్ 1983లో స్వల్పమైన పెట్టుబడితో షాంపూ వ్యాపారం మొదలుపెట్టాడు. సీసా కొనగలిగినవారికి అప్పటికే పెద్ద కంపెనీల షాంపూలు అందుబాటులో ఉన్నాయి. ఆయన దృష్టి సీసా కొనలేని చిన్న పట్టణాల, పల్లెల కుటుంబాల మీద నిలిచింది. వారు నెలకు సరిపడా ఒక్కసారి కొనలేరు. ఒక తలంటుకు సరిపడా అయితే కొనగలరు. అందుకే చిక్ షాంపూ చిన్న ప్యాకెట్టులో వచ్చింది. ప్యాకెట్టు పరిమాణం, ధర, అమ్మే చోటు ఇవన్నీ 'ఎవరి కోసం' అన్న ఒక్క నిర్ణయం నుంచి పుట్టినవే. ఈ వరుసను గుర్తుంచుకోండి. ముందు మనిషి, తరువాత సరుకు, ఆ తరువాతే ప్రకటన. మనం చాలాసార్లు ఈ వరుసను తిరగవేస్తున్నాం. సరుకు తెచ్చి, బోర్డు రాయించి, చివరకు మనిషి కోసం ఎదురు చూస్తున్నాం.

ఇక రెండవ సమాధానం, 'మనవాళ్ల కోసం'. దీన్ని కొంచెం జాగ్రత్తగా పరిశీలించాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలు 9.56 శాతం. ఇప్పటి తెలంగాణ ప్రాంతం వరకు చూస్తే 12.7 శాతం. మనవాళ్ల కోసమే అని గిరి గీసుకున్న వ్యాపారి, బజారులో నడిచే ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి తానే తలుపు మూసుకుంటున్నాడు. పైగా ఆ మిగిలిన ఒక్కరి కోసం అదే వీధిలోని మరో ఇరవై దుకాణాలతో పోటీ పడుతున్నాడు. ఒకే మొహల్లాలో, ఒకే మసీదు చుట్టూ, ఒకే రకం సరుకుతో ఒకరి బేరం ఒకరు తగ్గించుకునే పరిస్థితి ఇలా ఏర్పడుతుంది.

మతం ఆధారంగా అవసరం పుట్టే సరుకులు కొన్ని ఉంటాయి. హజ్, ఉమ్రాలకు వెళ్లేవారికి కావలసిన ఇహ్రాం వస్త్రాలు, బురఖాలు, ధార్మిక గ్రంథాలు, జానమాజులు అటువంటివి. వాటి విషయంలో మనవాళ్లే కొనుగోలుదారులు, అందులో తప్పేమీ లేదు. అక్కడ కూడా 'ముస్లింలు' అన్న ఒక్క మాటతో పని పూర్తి కాదు. ఇహ్రాం కొనేది ఎవరు? ఈ ఏడాది యాత్రకు బయలుదేరుతున్నవారు. వారిలో వయసు మీదపడినవారూ ఉంటారు. వారికి కావలసిన చిన్నచిన్న సామాన్లు ఏవో వారికే తెలియకపోవచ్చు. వాటన్నింటినీ ఒకే సంచిలో అమర్చి, వాడకం వివరించి ఇచ్చే వ్యాపారికి వారు పది రూపాయలు ఎక్కువైనా సంతోషంగా ఇస్తారు. కాబట్టి కొనుగోలుదారు గుర్తింపు అతని మతంతో ఆగిపోదు. అతని అవసరం, వయసు, సమయం, స్తోమత, భయం, సందేహం అన్నీ అందులోకి వస్తాయి.

హైదరాబాదు హలీం కథ ఈ సందర్భంలో మనకు మంచి పాఠం. గోధుమ, మాంసం, పప్పు, నెయ్యి కలిపి గంటల తరబడి ఉడికించి, మెత్తగా మెదిపే ఈ వంటకం రంజాన్ ఉపవాసాలతో ముడిపడినది. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి మాంసాహార వంటకం అదే. ఇప్పుడు రంజాన్ మాసంలో బట్టీల ముందు నిలబడిన జనాన్ని చూడండి. మగ్రిబ్ వేళకు వచ్చేది ఇఫ్తార్ చేసే రోజాదారు. అతనికి త్వరగా అందడం ముఖ్యం. రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు వచ్చేవారిలో ఉద్యోగం ముగించుకున్న ఐటీ కుర్రవాళ్లు, పిల్లలతో బయటికి వచ్చిన హిందూ, క్రైస్తవ కుటుంబాలు ఉంటాయి. వారికి కూర్చునే చోటు, శుభ్రమైన గిన్నె ముఖ్యం. ఇంటికి పట్టుకెళ్లేవారికి ఒలకని డబ్బా ముఖ్యం. దేగ్ ఒకటే, వంట ఒకటే, కొనుగోలుదారులు మాత్రం మూడు రకాలు. వారిని విడివిడిగా గుర్తించిన వ్యాపారి మూడు వేళల్లోనూ అమ్ముతాడు. గుర్తించనివాడి దేగ్ మగ్రిబ్ తరువాత చల్లారిపోతుంది.

ఈ గుర్తింపు పని ఎలా చేయాలి? మేము శిక్షణలో ఐదు ప్రశ్నలు ఇస్తాం. మొదటిది, మన సరుకు ఏ ఇబ్బందిని తీరుస్తున్నది? రెండవది, ఆ ఇబ్బంది ఎవరికి ఎక్కువగా ఉన్నది? మూడవది, కొనాలని నిర్ణయించేది ఎవరు, డబ్బు ఇచ్చేది ఎవరు, వాడేది ఎవరు? నాలుగవది, వారు ఎప్పుడు, ఎక్కడ దొరుకుతారు? ఐదవది, వారు మన దగ్గరకు రాకపోతే ఎక్కడికి వెళ్తారు?

నూర్‌బాషా, దూదేకుల సోదరుల వృత్తిని తీసుకుని ఈ ప్రశ్నలకు జవాబు వెతుకుదాం. దూది ఏకి, పరుపులు, దిండ్లు కుట్టే ఈ వృత్తి తెలుగునేల మీద ఊరూరా ఉండేది. భుజాన వింటిని మోసుకుని వీధిలో నడుస్తుంటే, దాని నారి మోగించగానే ఇళ్లలోంచి పిలుపులు వచ్చేవి. తరువాత యంత్రాలు వచ్చాయి. ఆపైన ఫోము పరుపులు, కొబ్బరిపీచు పరుపులు, టీవీ ప్రకటనలు, సులభ వాయిదాలు వచ్చాయి. 'ఇంక మన పని అయిపోయింది' అని పిల్లలను వేరే పనుల్లో పెట్టినవారు ఎందరో ఉన్నారు. పరుపు కావలసిన ప్రతి ఒక్కరికీ అమ్మాలని చూస్తే మాత్రం ఫోము కంపెనీతో పోటీలో మనం నిలవలేం. అది నిజం.

అయితే మొదటి ప్రశ్న అడుగుదాం. దూది పరుపు తీర్చే ఇబ్బంది ఏది? వేసవిలో ఫోము మీద పడుకుంటే వీపు చెమర్చేవారున్నారు. పదేళ్ల క్రితం కుట్టించుకున్న దూది పరుపు గట్టిపడి, గడ్డలు కట్టి, పారేయడానికి మనసొప్పక అటక మీద పెట్టుకున్న ఇళ్లున్నాయి. పుట్టిన బిడ్డకు మెత్తటి చిన్న పరుపు, ఆవాల దిండు కావాలని కోరే అమ్మమ్మలున్నారు. కూతురి పెళ్లికి మంచం, పరుపు సారెగా పంపే కుటుంబాలున్నాయి.

ఈ నాలుగు వర్గాల్లో ఫోము కంపెనీ ఎన్నటికీ చేయలేని పని ఏది? పాత దూదిని మళ్లీ ఏకి, కొత్త గలీబుతో కుట్టి ఇవ్వడం. దానికి కొత్త దూది కొనే పెట్టుబడి కూడా పెద్దగా అక్కరలేదు. ఆ ఇబ్బంది ఎక్కువగా ఎవరికి? పెద్దవాళ్లు ఉన్న పాత ఇళ్లకు. నిర్ణయించేది ఎవరు? ఇంటి పెద్దావిడ. డబ్బు ఇచ్చేది? ఉద్యోగం చేసే కొడుకు. వాడేది? తల్లీ తండ్రీ. కాబట్టి పెద్దావిడతో దూది నాణ్యత గురించి మాట్లాడాలి. కొడుకుతో కొత్త పరుపు ధరకు, ఈ ఖర్చుకు ఉన్న తేడా గురించి మాట్లాడాలి. ఒకే మాట ఇద్దరికీ చెప్పి లాభం లేదు. ఎప్పుడు? దూదికి ఎండ కావాలి గనుక సంక్రాంతి దాటినప్పటి నుంచి తొలకరి లోపు. ఎక్కడ? పట్టణంలో పాతికేళ్లు దాటిన కాలనీల్లో. ఇప్పుడు ఆ చాచాకు ఊరంతా తిరగవలసిన పని లేదు. నాలుగు కాలనీలు, నాలుగు నెలలు, ఒక స్పష్టమైన మాట చాలు. ఆ నాలుగు కాలనీల్లో అన్ని మతాలవారూ ఉంటారని వేరే చెప్పనక్కరలేదు.

రెండవ ఉదాహరణగా ఇంట్లో కుట్టుమిషను పెట్టుకున్న ఒక సోదరిని అనుకుందాం. ఆమె 'ఆడవాళ్ల బట్టలన్నీ కుట్టబడును' అని బోర్డు పెట్టింది. పండుగ ముందు ఊపిరి తిరగదు, మిగతా రోజుల్లో పని ఉండదు. ఆమె ఇంటికి దగ్గరలో 600 మంది పిల్లలున్న పాఠశాల ఉందనుకుందాం. అందులో సగం, అంటే 300 మంది ఆడపిల్లలు. ఒక్కొక్కరికి రెండు జతల యూనిఫారం కావాలి. వారిలో ఐదుగురికి ఒకరు చొప్పున ఈమె దగ్గరకు వచ్చినా 60 మంది పిల్లలు, 120 జతలు. జతకు 350 రూపాయల కుట్టుకూలి అనుకుంటే మొత్తం 42,000 రూపాయలు. రోజుకు మూడు జతలు కుట్టగలిగితే 40 రోజుల పని. బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు కనుక ఏప్రిల్ చివరి వారంలోనే కొలతలు తీసుకుని మొదలుపెట్టాలి. ఈ లెక్కకు కాగితం, పెన్సిలు తప్ప మరేమీ అక్కరలేదు. కొనుగోలుదారు ఎవరో తేలగానే ఎంత పని, ఎప్పుడు, ఎంత ఆదాయం, సాయానికి మనిషి కావాలా వద్దా, ఎంత అప్పు తీసుకోవచ్చు అన్నవన్నీ ఒకదాని వెంట ఒకటి తేలుతాయి. 'అందరి కోసం' అన్నప్పుడు ఈ లెక్క వేయడం సాధ్యం కాదు. లెక్క లేనప్పుడు బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని మనం చెప్పగలిగేదీ ఏమీ ఉండదు. వీధి వ్యాపారుల కోసం 2020లో వచ్చిన పీఎం స్వనిధి కావచ్చు, చేతివృత్తులవారి కోసం 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ కావచ్చు, పథకం ఇచ్చేది అప్పు. అప్పు తీర్చేది మాత్రం కొనుగోలుదారు ఇచ్చే రూపాయే.

ఇక్కడ ఇంట్లో పని చేసే మన సోదరీమణుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. హైదరాబాదు లాడ్ బజారు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనమంతా సంతోషించాం. ఆ గాజు తయారయ్యే తీరు చూడండి. వేడికి లక్కను కరిగించి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, అది చల్లారక ముందే ఒక్కొక్క రాయినీ చేత్తో పొదగాలి. ఈ పని ఇరుకు గదుల్లో, ఇళ్లలో జరుగుతుంది. రాళ్లు పొదిగే సోదరికి దక్కేది ముక్కకింత అనే కూలి. ఆ గాజు ఏ పెళ్లికూతురి చేతికి చేరిందో, ఎంత ధరకు అమ్ముడుపోయిందో ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసిన కొనుగోలుదారు ఒక్కడే, సరుకు తెచ్చిచ్చి పట్టుకుపోయే మధ్యవర్తి. అతడు ధర తగ్గిస్తే ఆమెకు వేరే దారి లేదు. సచార్ కమిటీ చెప్పిన ఆ 70 శాతం వెనుక ఉన్న అసలు విషయం ఇదే. చేతిలో పనితనం ఉంది, కొనుగోలుదారుతో పరిచయం లేదు. కొనుగోలుదారు ఎవరో తెలియని వృత్తికారిణి ఎంత నైపుణ్యం ఉన్నా కూలీగానే మిగిలిపోతుంది.

మధ్యవర్తిని రేపటి నుంచే వదిలేయమని మేము చెప్పడం లేదు. అతడు తెచ్చే పని ఈ రోజు అన్నం పెడుతున్నది. అయితే పది మంది సోదరీమణులు కలిసి, తమ పనిలో పదోవంతు నేరుగా అమ్ముకునే ప్రయత్నం చేయవచ్చు. ఎవరికి? లాడ్ బజారుకు వచ్చే యాత్రికుల కోసం అక్కడ దుకాణాలున్నాయి. వాటితో పోటీ అక్కరలేదు. పెళ్లి పట్టుచీర తీసుకుని, దాని అంచు రంగుకు సరిపోయే గాజులు కావాలని వెతికే అమ్మాయి దుకాణంలో సిద్ధంగా ఉన్నదానితో సరిపెట్టుకుంటున్నది. చీర ఫోటో పంపితే, ఆ రంగుకు, ఆ చేతి కొలతకు గాజులు చేసి ఇవ్వగలిగినది చేసే మనిషి మాత్రమే. అటువంటి పెళ్లికూతుళ్లను చేరడానికి దారి పట్టుచీరల దుకాణం, మగ్గం పని చేసే టైలరు, పెళ్లి అలంకరణ చేసే మహిళ. పెళ్లి ముహూర్తాల నెలలు, నికాహ్‌లు ఎక్కువగా జరిగే నెలలు రెండూ గోడ మీద కేలండరులో గుర్తు పెట్టుకోవాలి. మన పల్లెల్లో గాజుల మలారం భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగిన సాయిబులకు ఈ విద్య తెలుసు. ఏ ఇంట్లో సీమంతం ఉందో, ఏ ఇంట్లో పెళ్లి కుదిరిందో వారికి ముందే తెలిసేది. కులమతాలతో నిమిత్తం లేకుండా ఆడపడుచులు వారి చేత గాజులు తొడిగించుకునేవారు. ఇప్పుడు ఫోను ఆ మలారం స్థానంలోకి వచ్చింది. వీధి మారినా పద్ధతి అదే.

రుతువును బట్టి, చోటును బట్టి కొనుగోలుదారును వెతకడం మన వారసత్వంలో కొత్త విషయమేమీ కాదు. ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం వర్తకం చేసినవారు. హజ్రత్ ఖదీజా రజియల్లాహు అన్హా స్వయంగా వ్యాపారాన్ని నడిపిన మహిళ. ఖురైషుల శీతాకాల, వేసవికాల ప్రయాణాల ప్రస్తావన ఖుర్ఆన్‌లోనే ఉంది. ఏ కాలంలో ఏ దిక్కున ఎవరికి ఏ సరుకు కావాలో తెలిసినందువల్లే ఆ బిడారులు సాగాయి. మన నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు వద్దకు వచ్చేవారిని గమనించండి. చదువు కోసం, పెళ్లి కోసం, సంతానం కోసం, ఇంటి కోసం రొట్టె పట్టేవారిలో అన్ని మతాలవారూ ఉంటారు. అక్కడ బండి పెట్టుకున్న వ్యాపారికి వచ్చినవారి మతం కంటే వారు దూరప్రయాణం చేసి వచ్చారన్న సంగతి, పిల్లలతో ఉన్నారన్న సంగతి, ఊరికి ఏదైనా గుర్తుగా పట్టుకెళ్లాలనుకుంటున్నారన్న సంగతి ముఖ్యం.

ఇక ఆచరణలో మొదటి మెట్టు ఒక నోటు పుస్తకం. ముప్పై రోజుల పాటు, దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరి గురించి ఒక్క వరుస రాయండి. పేర్లు, ఫోన్ నంబర్లు అక్కరలేదు. ఏ వేళకు వచ్చారు, సుమారు వయసు ఎంత, ఏమి అడిగారు, ఏమి కొన్నారు, కొనకుండా వెళ్లితే ఎందుకు వెళ్లారు, మళ్లీ వచ్చారా. ముప్పై రోజుల తరువాత ఆ పుస్తకం తిరగేస్తే, మన బేరంలో పెద్ద భాగం ఎవరి వల్ల వస్తున్నదో కనిపిస్తుంది. అడిగి లేదనిపించుకున్న సరుకు ఏదో తెలుస్తుంది. ఆ తరువాత ఒక్క వర్గాన్ని ఎంచుకుని, మూడు నెలలు వారి అవసరం మీదే దృష్టి పెట్టండి. మిగతావారు వస్తే కాదనవద్దు, సరుకు ఇవ్వండి. కాని పెట్టుబడి, ప్రకటన, దుకాణం తెరిచే వేళ మాత్రం ఎంచుకున్నవారిని బట్టి నిర్ణయించండి. ఎంచుకోవడమంటే వెలివేయడం కాదని ప్రతి వ్యాపారి గ్రహించాలి. డబ్బు, శ్రమ ముందు ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోవడమే ఎంపిక. మనిషిని బట్టి తలుపు మూయడం వివక్ష.

ఈ మాట దగ్గర మనం హక్కుల విషయానికి రావలసి ఉంది. మనం ఎంత బాగా కొనుగోలుదారును గుర్తించినా, అతని దగ్గరకు వెళ్లే దారిని మరొకరు అడ్డగిస్తే ఏమి చేయాలి? శ్రీశైలం దేవస్థానం దుకాణాల విషయం మనకు దగ్గరిది. దేవాలయాల దుకాణాల వేలంలో హిందువులు కానివారు పాల్గొనరాదంటూ 2015 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. 2019లో హైకోర్టు దానిని సమర్థించింది. అక్కడ ఏళ్ల తరబడి దుకాణాలు నడుపుకుంటున్నవారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పుపై స్టే ఇచ్చి, మతం కారణంగా ఎవరినీ వేలం నుంచి, లీజుల నుంచి మినహాయించరాదని ఆదేశించింది. ఆ దుకాణదారులకు తమ కొనుగోలుదారు ఎవరో బాగా తెలుసు. కొండెక్కి వచ్చిన భక్తుడు, అతని వెంట వచ్చిన పిల్లవాడు. ఆ పిల్లవాడికి కావలసింది బొమ్మ. బొమ్మ అమ్మినవాడి మతం ఆ పిల్లవాడికి అక్కరలేదు.

2024 జులైలో ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలో కావడి యాత్ర దారిలోని భోజనశాలలు యజమానుల పేర్లు ప్రదర్శించాలని అధికారులు ఆదేశించినప్పుడు కూడా సుప్రీంకోర్టు ఆ ఆదేశాల అమలును నిలిపివేసింది. ఏమి వడ్డిస్తున్నారో చెప్పమనవచ్చు గాని, పేర్లు చెప్పమని బలవంతపెట్టరాదన్నది ఆ మధ్యంతర ఉత్తర్వు సారాంశం. ఆ ధర్మాసనంలో ఒకరు మన మదనపల్లెకు చెందిన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి. కేరళలో తాను పని చేసిన కాలంలో ఒక ఊళ్లో హిందువు నడిపే శాకాహార హోటలు, ముస్లిం నడిపే శాకాహార హోటలు రెండూ ఉండేవని, శుభ్రత పాటించే తీరు నచ్చి తాను ముస్లిం నడిపే హోటలుకు వెళ్లేవాడినని ఆయన విచారణలో ప్రస్తావించారు. ఇందులో చట్టం ఎంత ఉన్నదో వ్యాపార పాఠం అంత ఉన్నది. ఆ హోటలు యజమాని తన కొనుగోలుదారును శుభ్రత కోరే శాకాహారిగా చూశాడు, ఆ శుభ్రతను నిలబెట్టుకున్నాడు.

మరి బోర్డు మీద పేరు దాచుకోవాలా అని కొందరు సోదరులు మమ్మల్ని అడుగుతుంటారు. మా సమాధానం ఇది. దుకాణానికి సరుకును బట్టి, వీధిని బట్టి పేరు పెట్టుకోవడం ఏ వ్యాపారికైనా ఉన్న స్వేచ్ఛ. కొనుగోలుదారుకు అర్థమయ్యే పేరు మంచిదే. కాని భయం వల్ల పేరు దాచుకోవలసి వస్తే అది చట్టం చూడవలసిన విషయం. రాజ్యాంగం 19వ అధికరణం ప్రతి పౌరుడికీ నచ్చిన వృత్తి, వ్యాపారం చేసుకునే హక్కునిచ్చింది. 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లలోకి ప్రవేశానికి మతం అడ్డు కారాదని చెప్పింది. ఆ హక్కులు మనకు ఎంతగా వర్తిస్తాయో, మన దుకాణానికి వచ్చే ప్రతి ఒక్కరికీ అంతగా వర్తిస్తాయి. ఎవరైనా అడ్డగించినప్పుడు న్యాయస్థానానికి వెళ్లాలి, పత్రికకు చెప్పాలి, సంఘంగా నిలబడాలి. మార్కెటింగు పాఠం ఆ పోరాటానికి ప్రత్యామ్నాయం కాదు. బహిష్కరణ పిలుపునిచ్చేవారిని ఆపవలసిన బాధ్యత ప్రభుత్వానిదే తప్ప బండివాడిది కాదు.

అదే సమయంలో ఒక మాట. ఊరి జనంతో ఏళ్ల తరబడి అవసరం చుట్టూ అల్లుకున్న సంబంధం ఉన్న వ్యాపారిని ఎవరో వేసిన కరపత్రం అంత సులువుగా కదిలించలేదు. పాత పరుపును కొత్తది చేసి ఇచ్చిన చాచా ఎవరో ఆ ఇంటి పెద్దావిడకు తెలుసు. ఏప్రిల్‌లో కొలత తీసుకుని, బడి తెరిచే నాటికి యూనిఫారం ఇచ్చిన ఖాలా ఎవరో ఆ పిల్ల తల్లికి తెలుసు. తూకంలో మోసం చేసేవారిని హెచ్చరిస్తూ ఖుర్ఆన్‌లో ఒక సూరానే ఉంది. నిజమైన తూకం, చెప్పిన రోజుకు సరుకు, చెప్పిన ధరకే అమ్మకం, ఇవి కొనుగోలుదారును ఎంచుకున్న తరువాత అతడిని నిలుపుకునే మార్గాలు.

సోదర సోదరీమణులారా, ఈ సభ నుంచి ఇంటికి వెళ్లాక చేయవలసిన పని ఒక్కటే చెప్పి ముగిస్తాం. 'మా సరుకు ఫలానావారి ఫలానా ఇబ్బంది తీర్చడానికి' అని ఒక్క వాక్యం రాసి గల్లాపెట్టె మూత లోపల అతికించుకోండి. ఆ వాక్యంలో 'అందరూ' అన్న మాట ఉండకూడదు, 'మనవాళ్లు' అన్న మాటా ఉండకూడదు. ముప్పై రోజుల నోటు పుస్తకం చూశాక ఆ వాక్యం తప్పనిపిస్తే కొట్టివేసి మళ్లీ రాయండి. వచ్చే సమావేశానికి ఆ పుస్తకాలు తెచ్చుకోండి. పక్కపక్కన పెట్టి చూసుకుంటే, ఒకే వీధిలోని మన ఇరవై దుకాణాలు ఒకదానితో ఒకటి పోటీ పడకుండా ఇరవై రకాల అవసరాలను తీర్చే దారి అందులోనే దొరుకుతుందని మా నమ్మకం.